మూడు మాత్రలు ఒకేసారి మింగితే ఒంటికి అందేదెంత?

ప్రశ్న: నా వయసు 39. ఎనిమిది నెలలుగా ఒకటే నీరసం. రెండంతస్తులు ఎక్కితే ఆయాసం వస్తోంది, జుట్టు గుప్పెళ్లకొద్దీ ఊడుతోంది. పరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 9.4, ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వల కొలత) 7 వచ్చాయి. మూడు నెలలుగా రోజూ ఐరన్ మాత్ర వేసుకుంటున్నాను. మొన్న మళ్లీ చూపిస్తే 9.6 దగ్గరే ఉంది. పొద్దున తినగానే ఐరన్, కాల్షియం, జుట్టు కోసం ఏడాదిగా వాడుతున్న 50 మిల్లీగ్రాముల జింకు మాత్ర, మూడూ కలిపి టీతో వేసేసుకుంటాను. విడివిడిగా అయితే మర్చిపోతాను. ఐరన్ మొదలుపెట్టాక మలబద్ధకం పట్టుకుంది. నెలసరి ఏడెనిమిది రోజులు ఉంటుంది. రాత్రిళ్లు కాళ్లు లాగుతున్నాయంటే మెగ్నీషియం కూడా మొదలుపెట్టమంటోంది స్నేహితురాలు. మా వారికి బీపీ ఉందని అయోడిన్ ఉప్పు మానేసి రాతి ఉప్పు వాడుతున్నాం. ఇప్పుడు ‘తక్కువ సోడియం’ ఉప్పుకు మారదామని ఆయన అంటున్నారు. అసలు మనిషికి ఏ ఖనిజం ఎంత కావాలి? నేను వేసుకునేవి సరిపోతున్నాయా?

సమాధానం: సరిపోకపోవడం కాదండీ, మీరు వేసుకునేవి ఒకదాని దారికి ఒకటి అడ్డం పడుతున్నాయి. ఇంకో మాత్ర చేర్చే ముందు ఉన్న మూడింటినీ విడదీయాలి. అందులో జింకును ఆపేయాలి. మెగ్నీషియం సంగతి తర్వాత చూద్దాం.

ముందు ఇనుము లెక్క చూడండి. పెద్దవాళ్ల ఒంట్లో మొత్తం మూడు నాలుగు గ్రాముల ఇనుము ఉంటుంది. అందులో మూడింట రెండొంతులు ఎర్ర రక్తకణాల్లోని హిమోగ్లోబిన్‌లోనే ఉంటుంది. ఒక రక్తకణం 120 రోజులు బతుకుతుంది. అది చచ్చిపోగానే దానిలోని ఇనుమును ఒళ్లు పారేయదు, ఏరి మళ్లీ వాడుకుంటుంది. అలా రోజుకు 20 నుంచి 25 మిల్లీగ్రాములు లోపలే తిరుగుతూ ఉంటాయి. చర్మం, పేగు గోడ కణాలు రాలిపోవడం వల్ల బయటికి పోయేది రోజుకు ఒక మిల్లీగ్రాము మాత్రమే. నెలసరి ఉన్నవాళ్లకు దీనిమీద ఇంకొంత పోతుంది. ఒక గ్రాము హిమోగ్లోబిన్‌లో 3.4 మిల్లీగ్రాముల ఇనుము ఉంటుంది. మీ 9.5 స్థాయిలో ఒక నెలసరికి 80 మిల్లీలీటర్ల రక్తం పోయిందనుకుంటే సుమారు 26 మిల్లీగ్రాముల ఇనుము వెళ్లిపోయినట్టు. నెల మొత్తానికి పంచితే అది రోజుకు 0.9. మామూలుగా పోయే ఒక మిల్లీగ్రాముతో కలిపితే రోజుకు దాదాపు రెండు మిల్లీగ్రాముల ఖర్చు.

ఇక జమ వైపు చూద్దాం. మీ మాత్రలో అసలు ఇనుము 60 మిల్లీగ్రాములు ఉందనుకోండి. నిల్వలు అడుగంటిన మనిషి దాన్ని పరగడుపున మంచినీళ్లతో వేసుకుంటే అందులో 15 శాతం వంటబట్టిందనుకున్నా 9 మిల్లీగ్రాములు వస్తాయి. అదే మాత్రను కడుపు నిండా తిని, టీతో, కాల్షియంతో కలిపి మింగినప్పుడు 3 శాతానికి పడిపోయిందనుకుంటే వచ్చేది రెండు మిల్లీగ్రాముల లోపే. ఖర్చు రెండు, జమ రెండు. ఈ శాతాలు లెక్క తెలియడానికి వేసుకున్నవే, మనిషిని బట్టి మారతాయి. కానీ మూడు నెలల్లో 9.4 నుంచి 9.6కు మాత్రమే చేరడానికి ఇంతకంటే వింత కారణం వెతకనక్కర్లేదు. హిమోగ్లోబిన్ 12.5కు చేరాలంటే రక్తంలోకే దాదాపు 400 మిల్లీగ్రాముల ఇనుము వెళ్లాలి. ఖాళీ అయిన నిల్వలు నిండటానికి ఇంకో 300 నుంచి 500 కావాలి.

టీ ఎందుకు చెడ్డదంటే, అందులోని వగరు పదార్థాలు పేగులో ఇనుమును పట్టుకుని కరగని ముద్దగా మార్చేస్తాయి. తిండిలోని ఇనుముతో చేసిన కొలతల్లో భోజనంతో తాగిన ఒక కప్పు టీ సగానికి పైగా ఇనుమును వంటబట్టకుండా చేసింది. కాఫీ దెబ్బ కొంచెం తక్కువ, అంతే. కాల్షియం మాత్ర కూడా అదే పూట ఇనుమును తగ్గిస్తుంది. ఇనుము, జింకు ఎక్కువ మోతాదుల్లో ఒకేసారి నీళ్లతో కడుపులోకి వెళితే ఒకదానితో ఒకటి పోటీ పడతాయి. ఇదంతా జరిగేది జీర్ణాశయం దాటగానే వచ్చే చిన్నపేగు మొదటి జానెడు భాగంలో. చోటు చిన్నది, సమయమూ కొద్దిగానే ఉంటుంది.

జింకు విషయం ఇంతకంటే ముఖ్యం. ఆడవాళ్లకు రోజుకు కావలసింది 8 మిల్లీగ్రాములు, మగవాళ్లకు 11. డాక్టరు చెప్పకుండా రోజూ 40 దాటకూడదు. మీరు ఏడాదిగా 50 వేసుకుంటున్నారు. ముందు ఆ సీసా మీద ‘ఎలిమెంటల్’ అనే మాట పక్కన ఎంత రాసుందో చూడండి. 220 మిల్లీగ్రాముల జింక్ సల్ఫేట్ అంటే అసలు జింకు 50 అని అర్థం. జింక్ సల్ఫేటే 50 మిల్లీగ్రాములైతే అసలు జింకు 11 చిల్లర మాత్రమే, భయం లేదు. నిజంగానే 50 అయితే పేగు గోడలో ఒక ప్రొటీన్ పెరిగిపోతుంది. దాని పని లోహాలను పట్టి ఉంచడం. అది జింకు కంటే రాగిని గట్టిగా పట్టుకుంటుంది. పేగు కణాలు కొద్ది రోజుల్లో రాలిపోతాయి కదా, వాటితో పాటు రాగి కూడా మలంలో వెళ్లిపోతుంది. మనకు రాగి రోజుకు 0.9 మిల్లీగ్రాములే కావాలి. కానీ అది లేకపోతే పేగులోంచి, నిల్వల్లోంచి ఇనుము రక్తంలోకి సరిగా కదలదు. అంటే అతిగా వేసుకున్న జింకు వల్ల కూడా రక్తహీనత వస్తుంది, అది ఐరన్ మాత్రలతో తగ్గదు. తెల్ల రక్తకణాలు తగ్గుతాయి. చాలాకాలం సాగితే పాదాలు తిమ్మిరెక్కడం, నడకలో తూలడం మొదలవుతాయి. ఆ నరాల దెబ్బ పూర్తిగా వెనక్కి రాకపోవచ్చు. అందుకే జింకును ఈ రోజే ఆపండి. డాక్టరును కలిసినప్పుడు రక్తంలో రాగి, దాన్ని మోసే ప్రొటీన్ అయిన సెరులోప్లాస్మిన్ పరీక్షలు చేయించాలా అని అడగండి. జుట్టు ఊడటానికి ఫెరిటిన్ 7 ఒక్కటే చాలినంత కారణం.

ఇప్పుడు ఐరన్ ఎలా వేసుకోవాలో చూద్దాం. పొద్దున లేవగానే, ఏమీ తినకముందు, మంచినీళ్లతో ఒక మాత్ర. టీ, కాఫీ, పాలు, తిండి కనీసం ఒక గంట తర్వాత. ఒకవేళ టీ ముందే తాగేస్తే రెండు గంటలు ఆగి మాత్ర వేసుకోండి. నిమ్మరసమో విటమిన్ సి మాత్రో తోడు కావాలని చాలామంది చెబుతారు. తిండిలోని ఇనుముకు అది చాలా మేలు చేస్తుంది గానీ ఐరన్ మాత్రకు పెద్ద తేడా రాదు. ఉంటే తాగండి, లేదని మాత్ర మానొద్దు. కడుపులో తిప్పితే కొద్దిగా ఏదైనా తిని వేసుకోవచ్చు, పాల పదార్థాలు మాత్రం వద్దు.

మలబద్ధకానికి ఒక ఉపాయం ఉంది. 60 మిల్లీగ్రాములో అంతకు మించో ఇనుము ఒక మోతాదుగా పడితే కాలేయం హెప్సిడిన్ అనే హార్మోనును పెంచుతుంది. అది సుమారు ఒక రోజంతా పేగు తలుపు మూసి ఉంచుతుంది. ఆ సమయంలో వేసుకున్న రెండో మాత్ర చాలావరకు పేగులోనే మిగిలిపోయి, కడుపును ఇబ్బంది పెడుతుంది. రోజు విడిచి రోజు వేసుకుంటే ఒక్కో మాత్రలోంచి అందే శాతం పెరుగుతుంది, కడుపూ తేలిగ్గా ఉంటుంది. మాత్రల సంఖ్య సగమవుతుంది కాబట్టి హిమోగ్లోబిన్ కాస్త నెమ్మదిగా పెరగొచ్చు. అయినా మీకు ఇదే మేలనిపిస్తోంది. మలబద్ధకానికి భయపడి మాత్ర మానేసేవాళ్లను చూస్తుంటే, నెమ్మదిగానైనా ఆగకుండా సాగేదే మంచి పద్ధతి అని తెలుస్తుంది. మీ డాక్టరుతో మాట్లాడి మార్చుకోండి. రోజుకు రెండు మూడు మాత్రలుగా పెంచడం మాత్రం మీ అంతట మీరు చేయకండి.

మాత్ర పేరులో ఉన్న అంకె వేరు, అసలు ఇనుము వేరు. ఫెర్రస్ ఫ్యూమరేట్‌లో మూడో వంతు ఇనుము, ఫెర్రస్ గ్లూకోనేట్‌లో 12 శాతమే. ఎండబెట్టని ఫెర్రస్ సల్ఫేట్‌లో 20 శాతం. పేగు దాకా కరగకుండా పైపూత వేసిన మాత్రలు, నెమ్మదిగా విడుదలయ్యే రకాలు కడుపుకు హాయిగా ఉంటాయి. కానీ ఇనుము వంటబట్టే ఆ మొదటి జానెడు దాటాక కరిగితే వాటివల్ల లాభం తక్కువ. మీది అలాంటిదైతే మార్చమని అడగండి.

మలం నల్లగా రావడం ఐరన్ మాత్రకు మామూలే. జిగటగా, తారులా, భరించలేని వాసనతో వస్తే అది కడుపులో రక్తస్రావం కావచ్చు, ఆ రోజే చూపించుకోండి.

నింపే పని ఇది. కారిపోయే చోటును కూడా మూయాలి. ఏడెనిమిది రోజుల నెలసరిని ‘మాకు ఇంతే’ అని వదిలేయకండి. గంట రెండు గంటలకే ప్యాడ్ తడిసిపోవడం, రెండున్నర సెంటీమీటర్ల కంటే పెద్ద రక్తపు గడ్డలు పడటం, వారం దాటి సాగడం, ఇవన్నీ అధిక రక్తస్రావం కిందికే వస్తాయి. గర్భాశయంలో ఫైబ్రాయిడ్లనే కణితులున్నా, థైరాయిడ్ తగ్గినా ఇలా జరుగుతుంది. రెండింటికీ చికిత్స ఉంది. ఎసిడిటీకి రోజూ మాత్ర వాడుతున్నారా? పొట్టలో ఆమ్లం తగ్గితే ఇనుము సరిగా కరగదు. పొట్టలో చేరే హెలికోబ్యాక్టర్ బ్యాక్టీరియా ఇన్ఫెక్షన్, గోధుమలోని గ్లూటెన్ పడని సీలియాక్ జబ్బు, మొలలు, అల్సరు కూడా డాక్టరు చూసే జాబితాలో ఉంటాయి.

కాల్షియం మాత్ర మీకు అసలు అవసరమా అన్నది తిండి లెక్క చూసి తేల్చుకోవాలి. మీ వయసుకు రోజుకు 1000 మిల్లీగ్రాములు కావాలి, 50 దాటిన ఆడవాళ్లకు 1200. 250 మిల్లీలీటర్ల పాలలో సుమారు 300 ఉంటుంది, పెరుగులోనూ దరిదాపుల్లో అంతే. ఇవి రోజుకు రెండు మూడు సార్లు తీసుకుంటూ పప్పులు, కూరలు, గింజలు తినేవాళ్లకు లోటు దాదాపు ఉండదు. లోటున్నంత వరకే మాత్ర, అదీ ఒకసారికి 500కు మించకుండా. అంతకంటే ఎక్కువైతే వంటబట్టే శాతం తగ్గుతుంది. కాల్షియం కార్బొనేట్ కరగడానికి ఆమ్లం కావాలి కాబట్టి భోజనంతో వేసుకోవాలి. సిట్రేట్ రకం ఎప్పుడైనా పర్వాలేదు. మీకు పొద్దున ఐరన్ ఉంది కాబట్టి కాల్షియంను రాత్రి భోజనంలోకి మార్చండి. ‘రక్తంలో కాల్షియం బాగానే ఉంది, ఎముకలకు ఢోకా లేదు’ అనుకోవడం పొరపాటు. ఒంట్లోని కాల్షియంలో 99 శాతం ఎముకల్లో, పళ్లలోనే ఉంటుంది. రక్తంలో తగ్గితే పారాథైరాయిడ్ గ్రంథులు ఎముకల్లోంచి తోడి మరీ ఆ అంకెను నిలబెడతాయి. అందుకే ఎముకలు పలచబడుతున్నా రిపోర్టు మామూలుగానే ఉంటుంది.

కాళ్ల సంగతి. ‘లాగుతున్నాయి’ అన్నారు. అది ఏ రకమో మీరే గమనించాలి. పిక్క ఒక్కసారిగా గట్టిపడి, ముడిపడినట్టై, చేత్తో నొక్కితే రాయిలా తగిలితే అది కండరం పట్టేయడం. అలా కాకుండా పడుకోగానే కాళ్లలో ఏదో పాకుతున్నట్టు, లాగుతున్నట్టు ఉండి, కదిలిస్తే గానీ ఊరట లేక, లేచి నాలుగడుగులు వేస్తే తగ్గి, పడుకుంటే మళ్లీ మొదలైతే అది వేరే జబ్బు. దాన్ని రెస్ట్‌లెస్ లెగ్స్ అంటారు. ఇనుము నిల్వలు తగ్గినవాళ్లలో ఇది బాగా కనిపిస్తుంది. ఫెరిటిన్ 7 ఉన్న మనిషి రాత్రిళ్లు కాళ్లు లాగుతున్నాయంటే ముందు అనుమానించవలసింది ఇదే. దీనికి మందు మళ్లీ ఇనుమే.

మెగ్నీషియం చెడ్డదేం కాదు. ఒంట్లో 25 గ్రాముల దాకా ఉంటుంది, 300కు పైగా ఎంజైములకు అది కావాలి. ఆడవాళ్లకు రోజుకు 310 నుంచి 320, మగవాళ్లకు 400 నుంచి 420 మిల్లీగ్రాములు. గింజలు, పప్పులు, పొట్టు తీయని ధాన్యాలు, ఆకుకూరలు తింటే చాలావరకు వస్తుంది. నిజంగా తగ్గేది ఎక్కువ రోజులు విరేచనాలు అయినవాళ్లలో, మద్యం ఎక్కువ తాగేవాళ్లలో, మూత్రం ఎక్కువ పోయేలా చేసే మందులు వాడేవాళ్లలో, ఎసిడిటీ మాత్రలు ఏళ్లతరబడి వేసుకునేవాళ్లలో. వాళ్లలో దీని పంతం ఎలా ఉంటుందంటే, మెగ్నీషియం నింపితే గానీ పొటాషియం, కాల్షియం ఎంత ఇచ్చినా నిలవవు. పైగా రక్తపరీక్ష కొలిచేది ఒంట్లోని మెగ్నీషియంలో ఒక శాతం కూడా లేని భాగాన్ని, అందుకే అంకె బాగున్నా లోటు ఉండొచ్చు. మీ ఉత్తరంలో ఈ కారణాలేవీ కనిపించలేదు. మామూలు పిక్కపట్టుకు మెగ్నీషియం పెద్దగా పనిచేయదని వయసు పైబడినవాళ్ల మీద జరిగిన పరీక్షల్లో తేలింది. ఇప్పుడు నాలుగో సీసా కొనకండి.

ఇక ఉప్పు. మీ వారి విషయంలో ఇదే అసలు ప్రమాదం ఉన్న చోటు, దయచేసి తేలిగ్గా తీసుకోకండి. ‘తక్కువ సోడియం’ ఉప్పుల్లో సోడియం క్లోరైడ్‌కు బదులు కొంత పొటాషియం క్లోరైడ్ కలుపుతారు. మూత్రపిండాలు బాగున్నవాళ్లకు అది బీపీ తగ్గడానికి పనికొస్తుంది కూడా. కానీ బీపీకి వాడే మందుల్లో రామిప్రిల్, ఎనలాప్రిల్ లాంటివి, టెల్మిసార్టాన్, లోసార్టాన్ లాంటివి, స్పైరనోలాక్టోన్ పొటాషియంను ఒంట్లోనే ఆపుతాయి. మూత్రపిండాల పనితనం తగ్గినా పొటాషియం బయటికి పోదు. వీటిలో ఏ ఒక్కటున్నా, పొటాషియం ఉప్పు కూడా చేరితే రక్తంలో పొటాషియం పెరిగి గుండె లయ తప్పొచ్చు. ఒక్కోసారి ముందస్తు లక్షణాలేవీ ఉండవు. ఆయన మందు చీటీ చూపించి, క్రియాటినిన్ (మూత్రపిండాల పనితనం చెప్పేది), పొటాషియం పరీక్ష చేయించి, డాక్టరు సరే అన్నాకే ఆ ఉప్పు ఇంట్లోకి తేవాలి.

రాతి ఉప్పు బీపీకి మంచిదన్న నమ్మకంలో నిజం లేదు. ఏ ఉప్పయినా దాదాపు అంతా సోడియం క్లోరైడే. రంగు వేరైనా బీపీ మీద చేసే పని ఒకటే. అందులో ఉండే మిగతా ఖనిజాలు లెక్కకు రానంత కొద్దిగా ఉంటాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే హద్దు పెద్దవాళ్లకు రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు, అంటే 2 గ్రాముల సోడియం. ప్యాకెట్ల మీద సోడియం అంకె ఉంటే దాన్ని రెండున్నరతో గుణించండి, ఉప్పు ఎంతో తెలుస్తుంది. ఉప్పు మార్చడం వల్ల మీరు పోగొట్టుకున్నది మాత్రం ఉంది, అది అయోడిన్. కలిపితే తప్ప రాతి ఉప్పులో చెప్పుకోదగ్గ అయోడిన్ ఉండదు. పెద్దవాళ్లకు రోజుకు 150 మైక్రోగ్రాములు కావాలి. గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు 250 దాకా కావాలి, బిడ్డ మెదడు ఎదుగుదల దానిమీదే ఆధారపడి ఉంటుంది. అయోడిన్ తగ్గితే థైరాయిడ్ మందగిస్తుంది. మందగించిన థైరాయిడ్ నీరసాన్ని, జుట్టు ఊడటాన్ని, నెలసరి ఎక్కువ కావడాన్ని తెస్తుంది. మీ లక్షణాలు మూడూ అందులో ఉన్నాయి కాబట్టి టీఎస్‌హెచ్ అనే థైరాయిడ్ పరీక్ష తప్పకుండా చేయించుకోండి. అయోడిన్ ఉప్పుకే తిరిగి వెళ్లండి, కొద్దిగా వాడండి. మూత బిగించిన డబ్బాలో, తడి తగలకుండా ఉంచి, పొయ్యి దించే ముందు వేస్తే అయోడిన్ నష్టం తగ్గుతుంది.

మీరడిగిన మిగతా అంకెలు తొందరగా చెప్పేస్తాను. ఇనుము నెలసరి ఉన్నవాళ్లకు 18 మిల్లీగ్రాములు, మగవాళ్లకు, నెలసరి ఆగినవాళ్లకు 8. భాస్వరం 700 మిల్లీగ్రాములు, దాదాపు అన్ని తిండ్లలోనూ ఉంటుంది, లోటు అరుదు. సెలీనియం 55 మైక్రోగ్రాములు. 400 దాటి రోజూ తీసుకుంటే గోళ్లు పెళుసుబారి జుట్టు ఊడుతుంది కాబట్టి జుట్టు మాత్రల్లో దీని అంకె చూసుకోండి. మాంగనీసు, మాలిబ్డినం గురించి మామూలుగా తినేవాళ్లు ఆలోచించక్కర్లేదు.

తిండిలో ఎంత ఉందన్నదానికంటే ఎంత అందుతుందన్నది చూడాలి. మాంసం, చేపల్లోని హీమ్ ఇనుము 15 నుంచి 35 శాతం వంటబడుతుంది, టీ దాన్ని అంతగా ఆపలేదు. పప్పులు, ఆకుకూరల్లోని ఇనుము 2 నుంచి 20 శాతం మధ్య ఊగుతుంది. ఆ ఊగిసలాట పక్కన ఏం తిన్నామన్నదాన్ని బట్టి ఉంటుంది. పప్పు మీద నిమ్మకాయ పిండినా, భోజనంలో జామ, నారింజ లాంటి పండో పచ్చి క్యాప్సికమో ఉన్నా పైకి పోతుంది. గింజలు, ధాన్యాల్లోని ఫైటేట్ ఇనుమును, జింకును కట్టేస్తుంది. వాటిని రాత్రంతా నానబెట్టి ఆ నీళ్లు పారబోసినా, మొలకెత్తించినా, పులియబెట్టినా ఫైటేట్ తగ్గుతుంది. పాలకూర పేరుకు కాల్షియం కూర గానీ, కాల్షియంను కట్టేసే ఆక్సలేట్ వల్ల అందులో 5 శాతమే మనకు అందుతుంది. పాలలో అయితే 30 శాతానికి దగ్గర.

థైరాయిడ్ మాత్ర మొదలుపెట్టవలసి వస్తే దానికీ ఐరన్, కాల్షియంలకూ మధ్య నాలుగు గంటలు ఉండాలి. అప్పుడు పరగడుపు థైరాయిడ్ మాత్రకు వెళుతుంది, ఐరన్‌ను మధ్యాహ్నానికీ సాయంత్రానికీ మధ్య ఖాళీ కడుపుకు జరపండి. డాక్సీసైక్లిన్, సిప్రోఫ్లాక్సాసిన్ లాంటి యాంటీబయాటిక్స్ రాసినప్పుడు ఈ మాత్రల సంగతి డాక్టరుకు చెప్పండి, కలిపి వేసుకుంటే ఆ మందు సరిగా పనిచేయదు.

మీ వారు నీరసంగా ఉందన్నా మీ ఐరన్ మాత్ర ఆయనకు ఇవ్వకండి. ఎక్కువైన ఇనుమును బయటికి పంపే దారి ఒంటికి లేదు, మగవాళ్లు ఫెరిటిన్ చూసుకోకుండా వేసుకోకూడదు. చిన్నపిల్లలుంటే సీసా అందనంత ఎత్తులో, తాళం వేసి పెట్టండి. తీపి పూత చూసి నాలుగైదు మింగినా పసివాళ్ల ప్రాణం మీదికి వస్తుంది.

ఈ పద్ధతిలో నాలుగు వారాలు వేసుకుని హిమోగ్లోబిన్ చూపించండి. కనీసం ఒక గ్రామైనా పెరగాలి. పెరిగితే 12 దాటాక కూడా మరో మూడు నెలలు కొనసాగించాలి, లేకపోతే నిల్వలు నిండవు. పెరగకపోతే మాత్రలు పెంచే పని కాదు, కారణం వెతకాలి, అవసరమైతే ఇనుమును నరంలోకి ఎక్కిస్తారు. కూర్చున్నా ఆయాసం, ఛాతీలో నొప్పి, కళ్లు తిరిగి పడటం లాంటివి కనిపిస్తే నాలుగు వారాలు ఆగకుండా వెంటనే వెళ్లండి. వెళ్లేటప్పుడు ఇంట్లో ఉన్న మాత్రల సీసాలన్నీ, ఆపేసిన జింకుతో సహా, వెంట తీసుకెళ్లి బల్ల మీద పెట్టండి.